లంబసింగి దారి, యాబులీ దారి

పోయిన చలికాలంలో మా మరిపెడ కుర్రవాళ్లు అయిదుగురు లంబసింగి చూసి వచ్చారు. విజయవాడ మీదుగా రైల్లో పోయి, నర్సీపట్నం చేరుకుని, అక్కడ జీపు మాట్లాడుకుని తెల్లవారకముందే ఘాటు ఎక్కారట. తిరిగి వచ్చింది మొదలు వాళ్ల నోట మంచు మాట తప్ప మరో మాట లేదు. వాళ్లలో ఒకడు నా దగ్గర చరిత్ర చదువుకున్నవాడు. "సార్, మన దగ్గర ఎండ తప్ప ఏమున్నది? అక్కడ పొద్దున లేస్తే గడ్డి మీద తెల్లగ గడ్డకట్టి ఉంటది" అన్నాడు. నేనతన్ని ఒక్కటే ప్రశ్న అడిగాను: "మీరు ఎక్కిపోయిన రోడ్డు ఎవరు వేసిన్రు?"

"గవర్నమెంటోళ్లు వేసి ఉంటరు సార్" అన్నాడతను.

ఆ జవాబు తప్పు కాదు. కాని అది సగం జవాబు. ప్రభుత్వం రోడ్డు వేయించింది; వేసినవాళ్లు వేరు. ఆ రెండో సగాన్ని అతనికి నేనే చెప్పి ఉండవలసింది. పాఠం చెప్పేటప్పుడు అల్లూరి సీతారామరాజు పేరు చెప్పాను, తేదీలు చెప్పాను, రాయించాను. ఆ తిరుగుబాటుకూ ఒక కొండదారికూ ఉన్న సంబంధాన్ని మాత్రం గట్టిగా చెప్పలేదు. ఈ వ్యాసం ముందుగా ఆ లోటు తీర్చుకోవడానికి.

లంబసింగిని పత్రికలు 'ఆంధ్రా కాశ్మీరు' అంటున్నాయి. తూర్పు కనుమల్లో, చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న గిరిజన గ్రామమది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు అక్కడి ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. నిజం చెప్పాలంటే అక్కడ హిమం కురవదు. దట్టమైన పొగమంచు, గడ్డిపరకల మీద గడ్డకట్టిన మంచుబిందువులు — కనిపించేది ఇంతే. మన దక్షిణదేశంలో ఇదే అపురూపం గనుక జనం విరగబడి పోతున్నారు. ఆ ఊరికి కొర్రబయలు అనే మరో పేరున్నది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెప్తారు. చూడవచ్చినవాడికి ఈ పేరు ముచ్చటగా వినిపిస్తుంది. ఆ చలిలో బయట పడుకోవలసి వచ్చినవాడెవడు, ఎందుకు పడుకోవలసి వచ్చింది అన్న ఆలోచన అతనికి రాదు. ఆ పేరు పెట్టిన జనానికి మాత్రం చలి వేడుక కాదు.

ఇక దారి సంగతి. మన్యాన్ని బ్రిటిషువారు మైదానాన్ని పాలించినట్టు పాలించలేదు. 1839లో ప్రత్యేక చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను కలెక్టరు చేతిలో ఏజెన్సీగా పెట్టారు. అక్కడ మామూలు కోర్టులు లేవు, మామూలు చట్టాలు లేవు. గ్రామాల గుంపును ముఠా అనేవారు. దానిపై ముఠాదారు ఉండేవాడు. శిస్తు వసూలు అతని మీదుగా జరిగేది. 1879లో రంపలో మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్నుకు వ్యతిరేకంగా పెద్ద తిరుగుబాటు జరిగింది. మన్యంలో పితూరీ అనే మాట అప్పటికే పాతది. తరువాత 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. తాతముత్తాతలనాటినుంచి పోడు కొట్టుకుని బతికిన కొండ మనిషి ఒక్క కాగితంతో తన అడవిలోనే దొంగ అయినాడు. కట్టె కొట్టడం నేరం, పశువును తోలడం నేరం, పోడు నరకడం నేరం. అడవికి యజమాని మారినాడు. ఇక ఆ యజమానికి అడవిలోకి దారి కావాలి.

దారి అనేది తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎవరి అవసరం కోసం, ఎవరి చేతులతో పడిందన్నదే చరిత్ర. మన్యంలోకి రోడ్డు కావాలని కోరినవాడు కొండ మనిషి కాదు. కలప దింపుకోవలసిన గుత్తేదారుకు కావాలి, అప్పులిచ్చి చింతపండూ ధాన్యమూ పట్టుకుపోయే వర్తకుడికి కావాలి, పితూరీ లేచినప్పుడు పటాలాన్ని పంపవలసిన సర్కారుకు అందరికన్నా ఎక్కువ కావాలి. 1920 తరువాత నర్సీపట్నం వైపునుంచి లంబసింగి మీదుగా మన్యం లోపలికి రోడ్ల పని ముమ్మరంగా సాగింది. గూడెంలో డిప్యూటీ తహశీల్దారుగా ఉన్న బాస్టియన్ ఈ పనిని గిరిజనుల చేత బలవంతంగా చేయించాడు. ఇవ్వవలసిన కూలీ ఇవ్వలేదు, ఇచ్చినది కడుపుకు చాలలేదు, రానన్నవాణ్ని కొట్టించాడు. కూలిపనిని హీనంగా చూసుకునే ముఠాదారు కుటుంబాలవారిని సయితం ఈ పనుల్లో అవమానించాడు. అతని మీద పై అధికారులకు ఫిర్యాదులు పోయాయి. ఫలితం లేకపోయింది. చట్టం లేని చోట అధికారే చట్టం.

తెలంగాణలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మా ఊరిని ఇప్పటికీ మరిపెడ బంగళా అనే పిలుస్తారు. నైజాం కాలంలో అధికారి మకాం దిగాడంటే ఊరి మీద ఏమేమి పడేవో మా తాతల తరం చెప్పేది: కోళ్లు, పాలు, కట్టెలు, గడ్డి, మోతకూలి — అన్నీ వెట్టి. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి సామాను మోసేది మనిషి తల. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు ఒరిగిపోయినప్పుడు లేచిన జనం మొదట తెంచుకున్నది ఈ వెట్టినే. కనుక వరంగల్లు వైపు మనిషికి మన్యం పరాయి దేశం కాదు. అక్కడ బాస్టియన్ చేయించినదానికీ ఇక్కడ దొరలు చేయించినదానికీ పేరొక్కటే.

ఈ దారి కథ తెలిస్తే పితూరీ తేదీలు వాటంతట అవే అర్థమవుతాయి. 1922 ఆగస్టు 22న రామరాజు దండు మొట్టమొదట పడింది చింతపల్లి పోలీసు స్టేషను మీద. లంబసింగినుంచి లోపలికి పోతే ఇరవై కిలోమీటర్లలోపు వచ్చే ఊరది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తీసుకున్న ఆయుధాల పట్టీ రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడన్నది ప్రసిద్ధం. దండులో ముందు నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు బాస్టియన్ చేతిలో నష్టపోయినవాళ్లు. మైదానంనుంచి వచ్చిన రామరాజు తిరుగుబాటును తెచ్చి మన్యంలో నాటలేదు. తిరుగుబాటు అప్పటికే అక్కడ రాళ్లు మోస్తున్నది. దానికి ఆయన వ్యూహాన్నిచ్చాడు, ధైర్యాన్నిచ్చాడు, చివరకు ప్రాణాన్నిచ్చాడు. ఈ మాట అనడం ఆయనను తగ్గించడం కాదు. ఆయన ఎవరితో కలిసి నిలబడ్డాడో చెప్పడం.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిషు అధికారులు దండు గుళ్లకు చనిపోయారు. ఆ తరువాత మలబారు ప్రత్యేక పోలీసు దళం వచ్చింది, అస్సాం రైఫిల్సు వచ్చింది. కొండ మనుషులు మోసిన రాళ్ల మీదుగానే వాళ్లను వేటాడే దండు కొండెక్కింది. 1924 మే 7న రామరాజును పట్టుకుని విచారణ లేకుండా కాల్చి చంపారు. మరుసటి నెలలో గంటందొర నేలకొరిగాడు. ఈ పితూరీని అణచడానికి సర్కారు 40 లక్షల రూపాయలకు పైగా ఖర్చు చేసిందని చరిత్రకారుల లెక్క. రోడ్డుకూలీకి అణాలు లేవన్న ఖజానాలో తూటాలకు లక్షలు దొరికాయి. వలస పాలన ఆర్థికశాస్త్రం విద్యార్థికి నేర్పాలంటే ఈ ఒక్క పోలిక చాలు.

ఇప్పుడు ఆ ప్రాంతంలో ఏమేమి మిగిలాయో చూడండి. కవర్డ్, హైటర్ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. రామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. లంబసింగి ఆ జిల్లాలోకి వచ్చింది. అదే సంవత్సరం జులై 4న, ఆయన 125వ జయంతి సందర్భంగా, భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. లంబసింగికి దగ్గరలోని తాజంగిలో గిరిజన స్వాతంత్ర్యయోధుల మ్యూజియానికి కేంద్ర ప్రభుత్వం మంజూరు ఇచ్చింది. దొరకు సమాధి ఉన్నది, నాయకుడికి విగ్రహం ఉన్నది. ఆ దారి మీద రాయి కొట్టినవాడికి ఘాటు మలుపులో ఒక పలక కూడా లేదు. ఎవరు, ఏ ఊరివాళ్లు, ఎన్ని రోజులు చేశారు, ఎంత కూలీ బాకీ — ఒక్క అక్షరం ఆ ఘాటెక్కేవాడి కంట పడదు.

ఇక్కడితో ఆపితే ఇది మన మన్యానికి మాత్రమే పట్టిన దురదృష్టమని పాఠకులు అనుకోవచ్చు. పరాయి ప్రభుత్వం, ఆ తరువాత స్వదేశీ పెట్టుబడిదారుల ప్రభుత్వం — మరొకలా ఎలా ఉంటుంది? ప్రజలే గెలిచిన దేశంలో ఇలా ఉండదు గదా? నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. అందుకే అటువంటి ఒక దేశంలో, ఇటువంటి ఒక మంచు ఊరి చరిత్రను పక్కన పెట్టి చూడాలనిపించింది. ఆ ఊరు చైనా ఈశాన్యాన, హేలోంగ్‌జియాంగ్ రాష్ట్రంలో, హార్బిన్ నగరానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న యాబులీ.

యాబులీలో కురిసేది అసలైన హిమమే. చలి తీవ్రమైతే సున్నకు 30 డిగ్రీలు కిందికి పోతుంది. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని కొండవాలు మీద జారే స్కీయింగ్ ఆటకు చైనాలో అది పేరుమోసిన చోటు. 1996లో హార్బిన్‌లో ఆసియా శీతాకాల క్రీడలు జరిగినప్పుడు కొండవాలు పోటీలు యాబులీలో జరిగాయి. 2009లో ప్రపంచ విశ్వవిద్యాలయాల శీతాకాల క్రీడలప్పుడూ, 2025 ఆసియా క్రీడలప్పుడూ మళ్లీ అక్కడే జరిగాయి. ఆ ఊరి పేరు వినడానికి చైనా పేరులా ఉన్నా, పుట్టింది రష్యన్ మాటనుంచి. రష్యన్‌లో యాబ్లొన్యా అంటే ఆపిల్ చెట్టు. ఆ పేరుతో అక్కడొక రైల్వే స్టేషను వెలిసింది.

స్టేషను ఎందుకు వెలిసిందంటే మళ్లీ దారి కథకే రావాలి. 1896లో జారు ప్రభుత్వం చైనా చక్రవర్తి ప్రభుత్వంతో రహస్య సంధి చేసుకుని, మంచూరియా గుండా రైలు వేసుకునే హక్కు సంపాదించింది. 1897లో మొదలుపెట్టి 1903 నాటికి ఆ మార్గాన్ని పూర్తిచేసింది. హార్బిన్‌నుంచి తూర్పుగా సరిహద్దుకు పోయే శాఖ మీద ఉన్నది యాబులీ. పట్టాలు మోసినవాళ్లు ఉత్తర చైనానుంచి వచ్చిన బీద కూలీలు. పట్టాల కింద పరచిన దుంగలు, ఇంజన్లలో కాల్చిన కట్టెలు ఆ చుట్టుపక్కల అడవులవే. దారి పడింది, అడవి దిగింది. లంబసింగి చదివినవాడికి ఇందులో కొత్తేమీ లేదు.

1931లో జపాను సైన్యం మంచూరియాను ఆక్రమించి, మరుసటి సంవత్సరం మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యాన్ని నిలబెట్టింది. యాబులీ ఉన్న తాలూకాను అప్పట్లో జూహె అనేవారు. 1933లో జావో షాంగ్‌జి అనే యువ కమ్యూనిస్టు ఆ అడవుల్లో గెరిల్లా దళం కట్టాడు. 1935 నాటికి అది ఈశాన్య ప్రజా విప్లవసైన్యంలో మూడో సైన్యంగా పెరిగింది. ఆ సైన్యంలో రాజకీయ బాధ్యురాలిగా పనిచేసిన జావో యీమాన్ అనే స్త్రీని జపానువారు పట్టుకుని, చిత్రహింసలు పెట్టి, 1936 ఆగస్టు 2న ఆ జూహెలోనే కాల్చి చంపారు. ఆమెకు అప్పుడు ముప్ఫై ఏళ్లు. 1942 ఫిబ్రవరిలో షాంగ్‌జి కూడా ద్రోహుల వలలో పడి చనిపోయాడు. అతని తలను నరికి పట్టుకుపోయారు. 1946లో, విముక్తి పొందిన ఆ తాలూకాకు జనం అతని పేరే పెట్టుకున్నారు. నేడు యాబులీ ఉన్నది షాంగ్‌జి నగరపాలన కింద.

ఇక్కడ మనకూ వాళ్లకూ ఉన్న అసలు తేడాను దాటిపోకూడదు. అక్కడ పేరొక్కటే మారలేదు. అదే 1946లో ఆ తాలూకాలో భూస్వాముల భూమిని రైతులకు పంచారు. ఆ పనిలో కార్యకర్తగా యువాన్‌బావో గ్రామంలో ఉన్న రచయిత జౌ లీబో, తాను కళ్లారా చూసిన దాన్నే 'తుఫాను' అనే నవలగా రాశాడు. 1951లో దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. మా వరంగల్లు, నల్లగొండ పల్లెల్లో వెట్టి మీద జనం తిరగబడిన సంవత్సరమూ 1946 కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని రెండు చోట్లా రైతు అడిగినది ఒక్కటే: దున్నేవాడికి భూమి. అక్కడ భూమీ వచ్చింది, పేరూ వచ్చింది. మన మన్యానికి పేరు వచ్చేసరికి 1924నుంచి 98 సంవత్సరాలు పట్టింది. భూమి ప్రశ్న ఇంకా కోర్టుల్లో తిరుగుతూనే ఉన్నది.

అయితే ఇంతటితో యాబులీని ఆదర్శంగా చూపి ఊరుకోవడం నిజాయితీ అనిపించుకోదు. మన అభ్యుదయ రచయితల్లో దూరపు కొండలను మరీ నునుపుగా చూపే అలవాటు ఒకప్పుడు ఉండేది. చరిత్ర అందుకు ఒప్పుకోదు. షాంగ్‌జి మంచులో పోరాడుతున్న 1935లోనే సోవియట్ ప్రభుత్వం ఆ రైలుమార్గంలో తన వాటాను మంచుకువోకు అమ్మివేసింది. తూర్పున యుద్ధం రాకుండా చూసుకోవడం దాని అవసరం కావచ్చు. దళాలను వేటాడే సైన్యం ఆ పట్టాల మీదనే నడిచిందన్నది మాత్రం మారదు. 1940లో షాంగ్‌జిని అతని సొంత పార్టీ సంస్థే బహిష్కరించింది. బహిష్కృతుడిగానే పోరాడి, బహిష్కృతుడిగానే చచ్చిపోయాడు. తాలూకాకు అతని పేరు పెట్టిన 36 ఏళ్లకు గాని, 1982లో, పార్టీలో అతని పేరు తిరిగి నిలబడలేదు. 2004లో చాంగ్‌చున్‌లో ఒక బౌద్ధాలయం ఆవరణలో అతని పుర్రె దొరికింది.

ఆ తరువాతి కథ ఇంకా ఆలోచింపజేసేది. 2001నుంచి చైనాలోని పెద్ద వ్యాపారవేత్తలు యాబులీ పేరుతో ఒక వేదిక ఏర్పరచుకుని, ఆ మంచుకొండ మీద ఏటేటా సమావేశాలు జరుపుకుంటూ వచ్చారు. 2010లో క్లబ్ మెడ్ అనే ఫ్రెంచి కంపెనీ చైనాలో తన మొదటి విలాస విడిదిని అక్కడే తెరిచింది. 2014లో ఆ రాష్ట్రపు ప్రభుత్వ అడవుల్లో వ్యాపారం కోసం చెట్లు కొట్టడం ఆపివేశారు. అడవి దృష్ట్యా అది మంచి పనే. కాని గొడ్డలి పని మీద బతికిన ఊళ్లు మరో బతుకు వెతుక్కోవలసి వచ్చింది. కౌలుదారుడి పక్షాన పోరాడి చచ్చిన గెరిల్లా పేరు మోసే తాలూకాలో, కోటీశ్వరులు దేశపు ఆర్థిక భవిష్యత్తును చర్చించుకుంటారు. విప్లవం జరిగిన చోట కూడా మంచు మళ్లీ ఎవరి చేతిలోకి పోయిందన్న ప్రశ్న అడగవలసే వచ్చింది.

ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత నేను చేరిన నిర్ణయం ఇది. తిరుగుబాటుదారుడి పేరు పెట్టడం ఏ ప్రభుత్వానికైనా తేలికైన పనే. పేరు అన్నం అడగదు, భూమి అడగదు. ఆ తిరుగుబాటుదారుడు ఏ ప్రశ్న కోసం చనిపోయాడో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం. రామరాజు పితూరీ వేసిన ప్రశ్నలు రెండే: మా కష్టానికి కూలీ ఏది? మా అడవి మీద మాకు హక్కు ఏది? ఈ ప్రశ్నలను వదిలిపెట్టి వేసే పూలదండ విగ్రహానికే చాలుతుంది.

దీనికొక ఆక్షేపణ రావచ్చు. మంచు చూడడానికి జనం వస్తే కొండ మనిషికి నాలుగు రూకలు దొరకవా? రోడ్డు ఎవరు వేస్తేనేం, ఈ రోజున ఆ రోడ్డు మీదనే గదా అతని కాఫీ గింజలూ మిరియాలూ సంతకు వస్తున్నాయి, అతని బిడ్డ ఆసుపత్రికి చేరుతున్నది? ఈ ఆక్షేపణలో నిజమున్నది. నేను రోడ్డుకు వ్యతిరేకిని కాను, యాత్రికుడికీ వ్యతిరేకిని కాను. మా కుర్రవాళ్లు లంబసింగి పోయి వచ్చినందుకు సంతోషించాను కూడా. అయితే మా కుర్రవాడు చెప్పిన ఇంకో సంగతి వినండి. గుడారం వేసి, చలిమంట రాజేసి, తెల్లవారుజామున టీ కాచి ఇచ్చినవాడు ఆ ఊరి గిరిజన యువకుడే. అద్దె డబ్బు వసూలు చేసుకున్నవాడు మాత్రం మైదానంనుంచి వచ్చినవాడు. ఒక్క గుడారాన్ని చూసి ఊరంతా ఇంతేనని నేను తీర్పు చెప్పను. కాని ఈ ప్రశ్న ప్రతి గుడారం ముందూ అడగవలసినదే.

అడగడానికి మన చేతిలో చట్టం కూడా ఉన్నది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడికి పోకుండా 1917లో బ్రిటిషువారే ఒక చట్టం చేశారు, అది చాలలేదు. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూబదలాయింపు నిబంధన చేసింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు తుపాకి పట్టిన తరువాత, 1970లో దాన్ని సవరించి బిగించింది. జనం నోట 1/70 చట్టంగా నిలిచినది ఇదే. దీని ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడానికి వీల్లేదు. 1997 జులైలో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం సయితం ఆ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలంలో, బొర్రా గుహల ప్రాంతంలో. అదీ యాత్రికులు విరగబడే చోటే. చింతపల్లి, జెర్రెల కొండల్లో బాక్సైటు తవ్వకానికి వ్యతిరేకంగా గిరిజనులు ఏళ్ల తరబడి నిలబడ్డారు. 2006 అటవీహక్కుల చట్టం పోడుభూమికి పట్టా అడిగే హక్కునిచ్చింది. చట్టాలు ఇన్ని ఉన్నా పేరు గిరిజనుడిది, పెట్టుబడి మరొకడిది అనే బినామీ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బాస్టియన్ బెత్తంతో చేయించిన పనిని నేడు అప్పుకాగితం చేయించగలదు.

ఇక మన తప్పు ఒకటి చెప్పుకుని ముగిస్తాను. వామపక్షంలో ఉన్నవాళ్లం రామరాజును మన పాటల్లో, నాటకాల్లో, సభల్లో ఎన్నోసార్లు తలచుకున్నాం. విల్లంబులు పట్టిన ఆ బొమ్మ మనకు ఎంత నచ్చిందంటే, ఆయన వెనక నిలిచినవాళ్ల ముఖాలు చూడడం మానుకున్నాం. గాం మల్లుదొర శిక్ష అనుభవించి బయటపడి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నంనుంచి ఎన్నికైనాడని మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? పితూరీకి నెత్తురిచ్చినవాడు పార్లమెంటులో కూర్చున్న సంగతి మనమే మరిచిపోతే, రాయి మోసి పేరులేకుండా పోయినవాణ్ని ఎవరు గుర్తుంచుకుంటారు? వీరుణ్ని ఒంటరిగా నిలబెడితే పాలకుడికి సుఖం. ఒంటరి వీరుణ్ని విగ్రహం చేసి దండ వేయవచ్చు. కూలీ అడిగే గుంపును విగ్రహం చేయడం కుదరదు.

తాజంగి మ్యూజియంలో రామరాజు చిత్రం ఉంటుంది, ఉండాలి. దాని పక్కన నర్సీపట్నం, లంబసింగి దారి పటం కూడా ఉండాలి. ఆ దారి మీద ఎవరు పనిచేశారు, ఎవరు చేయించారు, కూలీ ఎందుకు ఇవ్వలేదు అన్నది తెలుగులోనూ, అక్కడి గిరిజనుల మాటల్లోనూ రాసి పెట్టాలి. ఆ ఊళ్ల ముసలివాళ్ల దగ్గర తాతలు చెప్పిన కథలు ఇంకా మిగిలి ఉన్నప్పుడే సేకరించాలి. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే మన విద్యార్థులకు ఇంతకన్న మంచి పని నాకు తోచదు.

నిన్న ఆ కుర్రవాడు మళ్లీ వచ్చాడు. ఈ వ్యాసంలో రాసినదంతా అతనికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "మాకు టీ ఇచ్చినోని పేరు నేను అడగలేదు సార్" అన్నాడు. వచ్చే చలికాలంలో మళ్లీ పోతారట. ఈసారి మంచుతోపాటు ఆ పేరు కూడా అడిగి రాసుకు రమ్మన్నాను. దానితోపాటు ఆ గుడారం కింది నేల ఎవరిదో కూడా.